రెండంతస్తుల కొండ

పోయిన ఆదివారం సింగపూరులో, మేముండే యూ టీ రైలు స్టేషను బయట కూరగాయల సంచీతో బస్సు కోసం చూస్తుంటే, వెనక నుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. తిరిగి చూస్తే క్లెమెంటిలో మా పాత పక్కింటి చైనీస్ ఆంటీ. కూతుర్ని చూడటానికి వచ్చిందట. నన్ను పైనుంచి కిందదాకా చూసింది. ముఖ్యంగా కాళ్ళు చూసి నోరారా నవ్వింది. ఆ నవ్వులోనే అసలు సంగతి చెప్పేసింది.

"యువర్ ఇటలీ అంకుల్ హా, గాన్ ఆల్రెడీ. లాస్ట్ మంత్. స్లీపింగ్, స్లీపింగ్, దెన్ నో మోర్. గుడ్ లా, నో పెయిన్."

ఎక్కవలసిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నలుగురూ చూస్తారన్న ఇంగితం కూడా లేకుండా ఏడ్చాను. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో బల్ల మీద పెట్టి సీటు ఆపుకోవడానికి, ఇక్కడి మాటలో చోప్ చేసుకోవడానికి, దాచుకున్న టిష్యూ పాకెట్టును ఆంటీ మొత్తంగా నా చేతిలో పెట్టేసింది. ఆవిడ దగ్గర అదెంత పెద్ద దానమో ఆవిడ పక్కింట్లో ఉన్నదాన్ని, నాకు తెలుసు.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎవరైనా పూర్తిగా పిలిస్తే ఆయనకు చిరాకు. పటాలంలో రోజూ హాజరు వేసేటప్పుడే ఆ పేరు అరిగిపోయిందనేవారు. మా అపార్టుమెంటు బ్లాకులో అందరికీ ఇటలీ అంకుల్. అలాగని దొరలా ఉండేవారేమీ కాదు. శ్రీకాకుళం వైపు మనిషి. పొట్టి, నలుపు, ముంజేతుల మీద నరాలు తేలి ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ పటాలంతో వెళ్ళి ఇటలీ కొండల్లో రోడ్లు వేశారు, మందుపాతరలు ఏరారు. యుద్ధం అయ్యాక ఓడరేవు పని మీద సింగపూరు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆ కొండల కథ తప్ప ఇంతకుమించి ఆయన చరిత్ర నాకు తెలీదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇక్కడ ఆ వయసు వాళ్ళు ఎవరిని కదిపినా, యుద్ధంలో ఈ ఊరిని పట్టుకున్న జపాను వాళ్ళ కథలు చెబుతారు. ఈయన దగ్గర ఉన్నవి జర్మన్ల కథలు. కింద కాఫీ షాపులో ఆయన ఎప్పుడు మొదలుపెట్టినా తక్కిన ముసలాళ్ళు "ఇటలీ? యూ బ్లఫ్ లా, అంకుల్" అని నవ్వేసి మళ్ళీ జపాను వాళ్ళ దగ్గరికే వెళ్ళిపోయేవారట. ఆయనకు వినేవాళ్ళు లేరు. నాకు నడిచే కాళ్ళు లేవు. అలా కలిశాం.

ఆ రోజుల్లో నేను క్లెమెంటి పక్కనున్న విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను. మా ఆయన ఉద్యోగం ఒక బ్యాంకు కోసం సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ తెలియక కూలబడతాయని అందరూ వణుకుతున్న కాలం అది. ఆ వణుకు పుణ్యమా అని మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్నారు. తీరా కంప్యూటర్లు కూలబడలేదు, నేను కూలబడ్డాను. మామూలు జ్వరమే, వచ్చి తగ్గింది. తగ్గిన కొన్నాళ్ళకు పాదాలు తిమ్మిరెక్కాయి. తర్వాత మోకాళ్ళు. చూస్తుండగానే నడుము కింద ఉన్నదంతా ఎవరిదో అయిపోయింది. నరాల జబ్బట. దానంతట అదే వచ్చింది, దానంతట అదే పోతుంది, ఎంత పోతుందో ఎన్నాళ్ళకు పోతుందో చెప్పలేమన్నారు డాక్టర్లు. చిన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవదని తిట్లు తిన్నదాన్ని, మంచం మీద నా కాలు పక్కకు జరపమని నర్సును బతిమాలుకున్నాను.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు ఇంకొకటి తెలిసింది. మా బ్లాకు పాతది. పాత బ్లాకుల్లో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగదు. మాది ఐదులో ఆగేది, మళ్ళీ తొమ్మిదిలో ఆగేది. మా ఇల్లు ఏడులో. మెట్లెక్కితే ఒంటికి మంచిదని నేనే పట్టుబట్టి ఆ ఇల్లు తీసుకున్నాను. అంబులెన్సు వాళ్ళు నన్ను కుర్చీలో కట్టి ఆ రెండంతస్తులూ మోసుకొచ్చి, హాల్లో దించి, గుడ్ లక్ చెప్పి వెళ్ళిపోయారు. ఇంక దిగాలంటే నా కాళ్ళతో నేనే దిగాలి.

విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక సెమిస్టరు సెలవు ఇచ్చారు. జనవరిలో వెళ్ళి చేరకపోతే స్కాలర్‌షిప్పు పోతుంది, సీటూ పోతుంది. మా విభాగం ఉన్నది కొండ కొసన. బస్సు దిగాక కూడా ఎక్కాలి. అమ్మ వచ్చి ఒక నెల ఉండి, వీసా అయిపోయి వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "ఇంటికొచ్చెయ్యవే. నూనెలు రాసి తోమించి నిలబెట్టుకుంటాం. చదువెక్కడికి పోతుంది" అంది. చదువు ఎక్కడికీ పోదు, నేనే పోతాను అని మనసులో అనుకున్నాను. మా ఆయన చాలా మంచివాడు కాబట్టి ఆయనా మెల్లగా అదే పాట అందుకున్నాడు. కొత్త సంవత్సరం వచ్చేదాకా ఆయన కంపెనీలో ఎవరికీ సెలవుల్లేవు. పొద్దున అన్నం డబ్బా నా పక్కన పెట్టి, దొంగలా తల వంచుకుని వెళ్ళేవాడు.

ఒక పొద్దున చక్రాల కుర్చీలో మా గుమ్మం ఇనుప గేటు దగ్గర కూర్చుని అమ్మతో ఫోనులో మాట్లాడుతున్నాను. "నా వల్ల కాదమ్మా, ఇంక నడవలేను" అని ఏడుస్తుంటే బయట ఇళ్ళ ముందరి పొడుగు వరండాలో గడగడా పోతున్న చక్రాల సంచీ చప్పుడు టక్కున ఆగింది. మా అంతస్తులోనే ఉంటూ, రోజూ ఆ సంచీని లాక్కుంటూ మార్కెట్టుకు పోయే ముసలాయన. ఆంటీతో చైనీస్ ముక్కలు, చివరింటి వాళ్ళతో మలయ్ మాట్లాడుతుంటే విని, తమిళాయన అనుకునేదాన్ని.

"ఏ ఊరమ్మా మీది?"

ఉలిక్కిపడ్డాను. "తెనాలి దగ్గరండీ. మీరు తెలుగువాళ్ళా అంకుల్?"

"తెలుగోణ్నే. పొద్దున్నే అలగ మొత్తుకుంతన్నావేటి? కాళ్ళకేటయినాది?"

చెప్పాను. అయ్యో పాపం అంటారని, నా వంతు ఇంకాస్త ఏడవచ్చని ఎదురు చూశాను. ఆయన వరండా చివరి మెట్ల వైపు చూశారు. తర్వాత నా కాళ్ళ వైపు చూశారు.

"ఈ గేటు కాణ్నించి ఆ మెట్ల కాడికి ఎంత దూరమంతావు?"

"మీకు నాలుగంగలు. నాకు కాశీ."

"ఇటలీలో ఓ మలుపు నించి ఇంకో మలుపుకి ఇంతే దూరం పోనాం. పొద్దంతా పట్టీసినాది. ముందు నాను, నా ఎనకాల పటాలమంతాను."

"అంత దూరానికి పొద్దంతా ఎందుకండీ?"

"రేపు సెప్తాను. మొదల నువ్వు నిలబడు."

అనేసి, సంచీని "పదే" అని అదిలించి వెళ్ళిపోయారు. ఆ సంచీ ఆయన లెక్కలో కంచరగాడిద. కొండల మీద పటాలానికి తిండీ గుండ్లూ మోసింది కంచరగాడిదలే కాబట్టి, బరువు మోసేది ఏదైనా ఆయనకు గాడిదే. దాన్ని గుమ్మాల దగ్గర బుజ్జగించేవారు, ఎత్తుల దగ్గర తిట్టేవారు. తిడితే వింటాయా, బుజ్జగిస్తే వింటాయా అని ఒకసారి అడిగాను. "అవి ఎలాగా ఇనవు. మన మనసు కోసం అనుకోవాల" అన్నారు.

నాకు పంతం ఎక్కువ. కథ వినాలన్న ఆశ దానికన్నా ఎక్కువ. మర్నాడు ఆయన వచ్చేసరికి, ఆసుపత్రి వాళ్ళిచ్చిన వాకర్ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఒంటి బరువంతా చేతుల మీదే మోస్తున్నాను. ఆయన మెచ్చుకోలేదు. ఎదుట నిలబడి కథ మొదలుపెట్టారు.

"జర్మనోడు మనకంటే ముందొచ్చీసి కొండంతా ఇల్లు కట్టీసుకున్నాడు. రాయి తొలిసి గదులు, గదికి సిమెంటు, సిమెంటుకో కన్నం, కన్నంలో మరతుపాకీ. సెట్లన్నీ నరికీసినాడు, మనం ఎటేపొచ్చినా కనపడాలని. వంతెన్లు పేల్చీసినాడు. రోడ్డు మలుపు కాడల్లా పేల్చీసినాడు. మిగిలిన నేల నిండా పాతర్లు ఎట్టీసినాడు. ఆడికి మనం కనపడతాం, మనకాడు కనపడడు. ఆ కొండెనకాల ఇంకో కొండ. దానెనకాల మరోటి."

"మరి ఎలా వెళ్ళారు?"

"పెలన్ పెలన్." మలయ్‌లో మెల్లమెల్లగా అని. "ఇంక కూకో. మిగిలింది రేపు. రేపు గేటు దాటాల."

ఇదీ ఒప్పందం. నేనెంత నడిస్తే ఆయన పటాలం అంత నడుస్తుంది. నేను ఆగితే అదీ ఆగుతుంది. బతిమాలినా, అలిగినా, కాఫీ ఇస్తానని ఆశపెట్టినా కథ అంగుళం కదిలేది కాదు.

పాతరలు ఏరడం ఎలాగో మా వంటింట్లో బియ్యం డబ్బా తెచ్చుకుని, అందులో గరిటె కాడ గుచ్చి చూపించారు. ఇనుమును పసిగట్టే యంత్రాలు ముందు ఇచ్చారట. కానీ పడ్డ గుండ్ల ముక్కలతో నేలంతా ఇనుమే కావడంతో అవి అడుగడుక్కీ కుయ్యోమనేవి. అసలైన పాతరలేమో చెక్కపెట్టెల్లో ఉండేవి. వాటి దగ్గర ఆ యంత్రం నోరు మెదిపేది కాదు. అందుకని బోర్లా పడుకుని, తుపాకీ కత్తిని ఏటవాలుగా నేలలోకి దించుతూ, ఏమీ తగలకపోతే జానెడు ముందుకు జరగడం. తగిలితే వేళ్ళతో మట్టి తీయడం. చూసిన నేలకు రెండు పక్కలా తెల్లటి గుడ్డ టేపు పరిచి వెళ్ళడం. వెనక వచ్చేవాళ్ళంతా ఆ రెండు టేపుల నడుమే నడవాలి.

"తుపాకీ పట్టుకోలేదా మీరు?" అన్నాను నిరాశగా.

"రెండు సేతులూ మట్టిలో ఉంతే తుపాకీ ఎక్కడ ఎట్టుకుంతాను?"

ఆ టేపు ఎలా ఉండేదో నాకు చెప్పబోయి ఆగి, హాల్లో ఆరేసిన నా లంగా బొందు చూపించి, "అదే" అన్నారు. తర్వాతి రోజు నుంచి ఆ తెల్ల బొందు ముక్కలే మా వరండాలో వెలిశాయి. ఆ రోజు నేను ఎక్కడిదాకా వెళ్ళానో అక్కడ ఒక ముక్క కట్టేవారు. ఆంటీ పూలకుండీకి ఒకటి, గోడ పక్క పైపుకు ఒకటి, మలయ్ వాళ్ళ చెప్పుల స్టాండుకు ఒకటి. టేపు కట్టిన నేల మనది, ఇంక అక్కడ భయపడే పని లేదని నియమం. బ్లాకు ఊడ్చే మనిషి వచ్చి వాటిని చెత్తనుకుని పీకేసేవాడు. మేం పొద్దున్నే చూసుకుని, శత్రువు వచ్చిపోయాడని చెప్పుకుని, మళ్ళీ కట్టుకునేవాళ్ళం. అన్నాళ్ళ తర్వాత నేను నవ్వడం ఆ బొందుల దగ్గరే.

ఆంటీ గుమ్మం ముందు ఎర్ర పూజామందిరం ఉండేది. ఆయన కథలో ఆ చోటు చర్చి. కుండీల వరస ద్రాక్షతోట. వాననీళ్ళు పోయే సన్నటి కాలువ వాగు. తన కుండీలకు లంగా బొందులు ఎందుకు కడుతున్నారో తెలియక ఆంటీ మొదట్లో గొణిగింది. తెలిశాక ద్రాక్షతోట పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు వేసింది. నేను అక్కడికి చేరగానే లోపలి నుంచి కేకేసేది: "సిట్ ఫస్ట్, దెన్ ఇటలీ!"

ఆయన చాదస్తాలు రెండు నన్ను బాగా విసిగించేవి. ఒకటి సాక్సులు. వచ్చీ రాగానే "సాక్సులు పొడిగున్నాయా?" అనేవారు. ఉక్కపోసే సింగపూరులో, ఇంట్లో కూర్చున్న ఆడదానికి సాక్సులేమిటి? అయినా వదలరు. ఇటలీలో వానలు పట్టుకుంటే నెలల తరబడి బురదేనట. గుండు తగిలినవాళ్ళు ఒక పక్క, కాళ్ళు నాని కుళ్ళినవాళ్ళు ఒక పక్క. తిమ్మిరి పట్టిన కాలికి పుండు పడినా తెలీదని ఆసుపత్రిలోనూ నాకు చెప్పారు గాని, నేను పెడచెవిన పెట్టాను. ఈయన పౌడరు డబ్బా తెచ్చి మా గేటుకు వేలాడదీసి పోయారు.

రెండోది, నా చెయ్యి పట్టుకునేవారు కాదు. పక్కన నడిచేవారు కాదు. ఎప్పుడూ నాకు రెండడుగుల ముందు, నాకు వీపు పెట్టి నడిచేవారు. కనీసం వెనక్కి తిరిగి చూసేవారు కాదు. "నేను పడిపోయినా మీకు తెలీదు" అని ఒకరోజు గయ్యిమన్నాను.

"ముందోడు ఎనక్కి సూసినాడంతే ఎనకోడికి బయం పుట్టుద్దమ్మా. ఏటో ఉంది గావాల అనుకుంతాడు. నీ వాకరు సప్పుడు నాకు ఇనపడతంది. అది సాల్దా?"

చాలదు అన్నాను. ఆయన చీమ కుట్టినట్టయినా లేకుండా ముందుకు పోయారు.

చర్చి దగ్గరే పడ్డాను. ఆంటీ మందిరం ముందు రాలిన ఊదొత్తుల బూడిద మీద వాకర్ జారింది. ఎముకలేమీ విరగలేదు. విరిగింది వేరేది. ఆయనా ఆంటీ కలిసి నన్ను లేపి కుర్చీలో వేస్తుంటే, మెట్లింకా అంత దూరాన కనబడుతుంటే, ఇది జరిగే పని కాదని నాకు ఖాయంగా తెలిసిపోయినట్టనిపించింది. ఆ సాయంత్రం మా ఆయన నా మోకాలికి మందు రాస్తూ, తల ఎత్తకుండా, "డిసెంబరులో పంపించేస్తాను. అమ్మ దగ్గర ఉండు. టిక్కెట్టు కనుక్కున్నాను" అన్నాడు. నేను సరేనన్నాను. ఇద్దరం ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

తర్వాతి రోజులు తలుపు తీయలేదు. సంచీ చప్పుడు వచ్చి ఆగేది, కాసేపుండి పోయేది. ఒకరోజు పోలేదు. తలుపు సందులోంచి చూస్తే, ఆంటీ స్టూలు తెచ్చుకుని గేటు బయట కూర్చున్నారు. నడవమనలేదు, లేవమనలేదు. నేను వింటున్నానో లేదో చూడకుండానే చెప్పడం మొదలుపెట్టారు. మొదటి మలుపు గెలిచిన మర్నాడే జర్మన్లు తిరగబడి లాక్కున్నారట. ఈయన బోర్లా పడుకుని ఏరిన నేలంతా మళ్ళీ వాళ్ళ పాలయింది. వేసిన టేపులు వేసినట్టే ఉండగా పటాలమంతా బయల్దేరిన చోటికే వచ్చి పడింది, వానలో.

ఆయన అక్కడ ఆపేశారు. నేను ఉండబట్టలేక తలుపు అవతలి నుంచే అడిగాను.

"అప్పుడేం చేశారు?"

"ఏటి సేత్తాం? సాక్సులు మార్చుకున్నాం."

ధైర్యం గురించి ఏదో చెబుతారని, దానికి నేను ఒక పుల్లవిరుపు మాట అనాలని సిద్ధంగా ఉన్నాను. సాక్సులనేసరికి నవ్వొచ్చింది, ఆ వెనకే అణుచుకున్న ఏడుపంతా వచ్చింది. ఏడ్చినంతసేపు ఏడ్చి, కుర్చీ తోసుకుంటూ వెళ్ళి పొడి సాక్సులు వెతుక్కున్నాను. మా ఆయనకు ఆ సాయంత్రమే చెప్పాను, టిక్కెట్టు వద్దని. జనవరి దాకా చూడమన్నాను. ఆయన నా మొహం చూసి, ఎందుకని అడగలేదు.

వరండా అయ్యేసరికి వానలు మొదలయ్యాయి. ఇక మెట్లు. ఆ రెండంతస్తులనీ మధ్యలో తిరిగే మలుపులతో సహా ఆయన అంతకుముందే వెళ్ళి చూసొచ్చారు. ఎక్కడ అంచు అరిగిందో, ఎక్కడ వాన కొడుతుందో నాకు వర్ణించి చెప్పారు. దిగడం మొదలుపెట్టిన రోజు నాకొక సంగతి తట్టింది. కమ్మీ పట్టుకుని, ఒక్కో కాలూ కింది మెట్టు మీద వెతుక్కుంటూ దించుతున్నాను. ఆయన ఎప్పటిలాగే రెండు మెట్లు ముందు, అంటే నా కింద, నాకు వీపు పెట్టి దిగుతున్నారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. నేను పడితే నేరుగా ఆయన మీద పడతాను.

"అంకుల్, జరగండి. నేను పడితే మీ మీదే పడతాను."

"అందుకే గదా ముందున్నాను."

అదేదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పి, ఇంకో మెట్టు దిగారు. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ వరండాలో ఆ వీపు నా ముందు ఎందుకు ఉండేదో. మిగతావాళ్ళు నా కోసం ఏడ్చారు, డబ్బాలో అన్నం పెట్టారు, నూనె సీసాలు పంపారు. వాళ్ళందరి ప్రేమా గొప్పదే. కానీ నా ముందు నడిచిన మనిషి ఈయన ఒక్కరే. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతో అనలేదు. అని ఉంటే సాక్సుల సంగతి ఎత్తి నా నోరు మూయించేవారు.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లన్నీ నిమ్మకు నీరెత్తినట్టు పనిచేశాయి. మా ఆయన ఇంటికొచ్చి రెండు రోజులు నిద్రపోయాడు. లేచిన పొద్దున నా వెనక తను, నా ముందు అంకుల్, నేను చేతికర్రతో ఐదో అంతస్తు లిఫ్టు దగ్గరికి దిగాను. అక్కణ్నించి లిఫ్టులో బ్లాకు కింది ఖాళీ జాగాకు. నెలల తర్వాత నేల మీద ఉన్నాను. సైకిళ్ళు, పావురాలు, పొద్దుటి ఎండ. ఆంటీ ప్లాస్టిక్ కవర్లలో దారం కట్టి తెచ్చిన టీ మా చేతుల్లో పెట్టి, "వా, యూ సో స్లో, బట్ కెన్ లా!" అని మార్కెట్టుకు పోయింది. మా ఆయన ఆఫీసుకు ఫోను చేసుకుంటానని అటు వెళ్ళాడు. మేమిద్దరం రాతి బల్ల దగ్గర మిగిలాం.

ఆయన పటాలం అప్పటికి వాగు దాటింది, ద్రాక్షతోట దాటింది, చర్చి దాటింది. చివరి కొండ కింద ఆగి ఉంది. నా వంతు నేను నడిచాను కాబట్టి హక్కుగా అడిగాను.

"ఇప్పుడు చెప్పండి. పైన ఏముంది?"

ఆయన టీ కవరు దారాన్ని వేలికి చుట్టుకున్నారు, విప్పారు. "తెలీదమ్మా."

"అదేంటి అంకుల్?"

"నాను ఎక్కనేదు."

రెండో మలుపు దగ్గరే, పక్కవాడి కాలి కింద పాతర పేలి ఈయన తుంటి విరిగిందట. కొండ కింది ఊళ్ళో ఒక బడిని ఆసుపత్రి చేస్తే అందులో పడుకోబెట్టారు. లేచే ఆశ లేదు, ఓడ వచ్చినప్పుడు ఇంటికి పంపిస్తామన్నారు. ఆయన వైపు మనిషే, బొబ్బిలి దగ్గరివాడు, కంచరగాడిదల మీద పైకి తిండి మోసేవాడు ఒకడుండేవాడు. రోజూ సాయంత్రం ఖాళీ గాడిదల్ని తోలుకుని దిగొచ్చి, మంచం పక్కన గొంతుక్కూర్చుని, పటాలం ఆ రోజు ఎంతదాకా పోయిందో చెప్పేవాడు.

"ఆడు సెప్పిందే నీకు సెప్పినాను. అంతా సెప్పీసి, ఆకరికి నన్నడిగీవోడు, 'మరి నువ్వు ఎంత దూరం ఎల్లేవురా?' అని. మంచం మీదున్నోణ్ని! సిగ్గేసీది. ఏదో ఒకటి సెప్పాల గదా. అందుకని కాలు కిందెట్టీవోణ్ని."

నేను ఆయన దగ్గరికి జరిగి కూర్చున్నాను.

"పై కొండ కొట్టీ రోజున ఆడు రానేదు. మర్నాడూ రానేదు. ఆ మర్నాడు నానే లేచి, గోడ అట్టుకుని గుమ్మం కాడికి ఎల్లి సూసినాను."

"వచ్చాడా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "గాడిదలొచ్చినాయి. యేరేవోడు తోలుకొచ్చినాడు."

అంతే. ఆ తర్వాత ఆయన టీ తాగేశారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అప్పటిదాకా ఆ చెయ్యి ముట్టుకోనివ్వని మనిషి, ఆ పొద్దున విడిపించుకోలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున మా ఆయన నన్ను బస్సెక్కించి ఆఫీసుకు వెళ్ళాడు. మిగిలింది నేను ఒక్కదాన్నే వెళతానన్నాను. బస్సు దిగి, కర్రతో, ఆగి ఆగి, మొహాలు తెలియని పిల్లలంతా నన్ను దాటిపోతుంటే, కొండ ఎక్కి మా విభాగం ఆఫీసులో నిలబడి తిరిగి చేరాను. గుమాస్తా నా మొహం చూసి నీళ్ళు ఇచ్చింది. బయటికొచ్చి గోడ మీద కూర్చుని కాసేపు అలా చూశాను.

సాయంత్రం ఐదో అంతస్తులో లిఫ్టు దిగి మెట్లెక్కుతుంటే, ఏడో అంతస్తు మెట్ల కొసన ఆయన నిలబడి ఉన్నారు. ఎప్పట్నుంచి నిలబడ్డారో తెలీదు. ఈసారి నాకేసే తిరిగి ఉన్నారు. కిందికి దిగి రాలేదు. నేను చివరి మెట్టు ఎక్కేదాకా ఆగి అడిగారు.

"ఎంత దూరం ఎల్లేవు?"

"పైదాకా అంకుల్."

"పైనేటుంది?"

ఆయన అడుగుతున్నది నాకు తెలిసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "పెద్దగా ఏమీ లేదు. గాలి బాగా వస్తుంది. చెట్ల మీంచి సముద్రం కనిపించింది. ఓడలు ఆగి ఉన్నాయి."

"సముద్రమా?"

"అవును. కింది నుంచి కనబడదు. పైకెళితేనే."

ఆయన కమ్మీ పట్టుకుని, కిందికి మెట్ల మలుపు కేసి చూశారు.

"మా కొండక్కూడా అటేపు సముద్రమే ఉండీదట," అన్నారు. "అలగైతే మా బొబ్బిలోడు సూసే ఉంతాడు."